మన్యం మీద ఎనభై ఏళ్ల పరిశోధన: లెక్కకొచ్చింది, లెక్కకు రానిది

గోదావరి మన్యం దాటి డెల్టాలోకి దిగే చోట పట్టిసీమ ఉంది. ఏటి నడుమ కొండ మీద వీరేశ్వరస్వామి గుడి, ఒడ్డున 2015లో కట్టిన ఎత్తిపోతల పథకం, ఎగువన కొద్ది దూరంలో పోలవరం డ్యాం, ఆ పైన పాపికొండలు. ఎత్తిపోతలలో 24 పంపులున్నాయి. 8,500 క్యూసెక్కుల దాకా వరద నీటిని పోలవరం కుడికాలువలోకి తోడి కృష్ణా డెల్టాకు పంపడం వాటి పని. డ్యాం కోసం మొదట ఖాళీ చేయించిన రామయ్యపేట, పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది, చేగొండపల్లి, సింగన్నపల్లి ఇక్కడికి దగ్గర ఊళ్లే. నీళ్లు, భూమి, అడవి, తుపాకి, పునరావాసం. శాంతి గురించి, అభివృద్ధి గురించి పండితులు ప్రపంచమంతటా వాదించుకునే విషయాలన్నీ ఈ ఏటి ఒడ్డునే ఉన్నాయి. ఎనభై ఏళ్లకు పైగా పరిశోధకులు ఇక్కడికి వస్తూనే ఉన్నారు, రాస్తూనే ఉన్నారు.

వాళ్లు రాసింది ఏమైంది? ఎవరు చదివారు, ఎవరు వాడుకున్నారు, ఎవరి బతుకు మీద దాని ప్రభావం పడింది? విశ్వవిద్యాలయాలు దీనికి చెప్పే జవాబు ఒక అంకె: ఆ వ్యాసాన్ని ఇతర వ్యాసాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్నది. దాన్నే సైటేషన్, తెలుగులో ఉల్లేఖన అంటున్నాం. ఉద్యోగాలు, పదోన్నతులు, నిధులు, ర్యాంకులు ఆ అంకె చుట్టూనే తిరుగుతున్నాయి. మన్యం విషయంలో ఆ అంకె ఏం పట్టుకుంటుంది, ఏం జారవిడుస్తుంది అన్నది గోదావరి జిల్లాలవాళ్లుగా మనం పరిశీలించుకోవలసిన విషయం. ఎందుకంటే ఇక్కడి జనం చెప్పిన మాటల మీదే ఆ వ్యాసాలు నిలబడ్డాయి.

కొలబద్ద ఎలా వచ్చిందో ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. అమెరికాలో 1873 నుంచి లాయర్లకు ఒక సూచిక ఉండేది. ఒక తీర్పును తరువాతి తీర్పులు ఎక్కడెక్కడ ఉదహరించాయో, సమర్థించాయో, కొట్టేశాయో అందులో చూసుకునేవారు. అది చూసి యూజీన్ గార్‌ఫీల్డ్‌కు సైన్సు వ్యాసాలకూ అలాంటి సూచిక కావాలన్న ఆలోచన వచ్చింది. 1955లో ఆ సంగతి రాశాడు, 1964లో సూచిక మొదలైంది. సాంఘిక శాస్త్రాలకు 1973లో వచ్చింది. 1975 నుంచి పత్రికలకు ఇంపాక్ట్ ఫాక్టర్ లెక్కగట్టడం మొదలైంది. 2004లో గూగుల్ స్కాలర్, స్కోపస్ రెండూ వచ్చాయి. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త మనిషి మొత్తం కృషిని ఒక్క అంకెలో చెప్పే హెచ్-ఇండెక్స్‌ను ప్రతిపాదించాడు. లాయర్ల సూచిక నుంచి పండితుల సూచికకు వచ్చేసరికి ఒక ముఖ్యమైన సంగతి తప్పిపోయింది. కోర్టులో ఒక తీర్పును ఉదహరిస్తే దానికి కట్టుబడే బాధ్యత వెంట వస్తుంది. వ్యాసంలో ఉదహరిస్తే ఏ బాధ్యతా రాదు. ఒప్పుకున్నా ఒకటే, ఖండించినా ఒకటే, చదవకుండా రాసినా ఒకటే.

శాంతి పరిశోధన కూడా ఇంచుమించు అదే కాలంలో ఒక శాస్త్రంగా నిలదొక్కుకుంది. యోహాన్ గాల్టుంగ్ 1959లో ఓస్లోలో ఒక సంస్థ పెట్టాడు, 1964లో దాని పత్రిక మొదలైంది. కొట్లాట లేకపోవడం ఒక్కటే శాంతి కాదనీ, మనిషిని తన ఆయుష్షూ ఆరోగ్యమూ దక్కించుకోనివ్వని ఏర్పాటు కూడా హింసేననీ 1969లో ఆయన రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ ఉదహరించేది. 1992లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి బుత్రోస్ ఘాలీ 'శాంతి అజెండా' ప్రకటించాక శాంతి నిర్మాణం ప్రభుత్వాల మాటైంది, దాని వెంట నిధులు వచ్చాయి, పత్రికలు వచ్చాయి. శాంతి నిర్మాణాన్నీ అభివృద్ధినీ కలిపి చూడడానికే 2002లో ఒక ప్రత్యేక పత్రిక మొదలైంది. క్షేత్రంలో పనిచేసేవాళ్ల చిన్న నివేదికలకు కూడా అందులో చోటిచ్చారు. అది మంచి ఆలోచనే. అయినా ఉల్లేఖనల బలమంతా మరో వైపుకు మొగ్గింది.

ఆ మొగ్గు ఎలాంటిదో రెండు వ్యాసాలు చూస్తే చాలు. ఒకటి 2003లో జేమ్స్ ఫియరన్, డేవిడ్ లైటిన్ రాసింది, మరొకటి 2004లో పాల్ కోలియర్, ఆంకె హోఫ్లర్ రాసింది. అంతర్యుద్ధాలు ఎందుకు పుడతాయన్నది రెండింటికీ ప్రశ్న. ఈ రంగంలో ఇంతగా ఉదహరించిన రచనలు చాలా తక్కువ. ఫియరన్, లైటిన్‌ల జవాబు ప్రకారం జాతుల మధ్య తేడాల కన్నా పేదరికం, బలహీన ప్రభుత్వం, కొండ ప్రాంతం తిరుగుబాటుకు ఎక్కువ అనుకూలం. కోలియర్, హోఫ్లర్‌లు కష్టాలూ కడుపుమంటల కన్నా తిరుగుబాటుకు డబ్బూ అవకాశమూ దొరకడమే ముఖ్యమన్నారు. ప్రపంచ దేశాలన్నిటినీ ఒకే పట్టికలో పెట్టి చూసిన లెక్కలివి. ఆ పట్టికలో కొండలు దేశానికొక శాతంగా కనిపిస్తాయి.

ఇప్పుడు అదే ప్రశ్నకు మన కొండల నుంచి వచ్చిన జవాబు చూడండి. 1982లో రణజిత్ గుహా సంపాదకత్వంలో 'సబాల్టర్న్ స్టడీస్' మొదటి సంపుటం వచ్చింది. అందులో డేవిడ్ ఆర్నాల్డ్ 1839 నుంచి 1924 దాకా గూడెం, రంపల్లో జరిగిన పితూరీల మీద రాశాడు. ముఠాదార్ల హక్కులు పోవడం, అడవి చట్టాలు, మైదానం వర్తకుల అప్పులు, రోడ్ల పనికి వెట్టి, వీటన్నిటినీ పేర్లతో, ఏళ్లతో కూర్చాడు. 1879 రంప పితూరీకి దగ్గరి కారణాల్లో ఒకటి కల్లు. అంతకు ముందే చిగురుపన్ను పేరుతో చెట్టుకింత వసూలు చేసేవారు. తరువాత కల్లు గీత హక్కును సర్కారు గుత్తేదార్లకు ఇచ్చేసరికి కొండవాడు తన ఇంటి వాడకానికి తన చెట్టు గీసుకున్నా నేరమైంది. ఈ ఒక్క వివరం దేశాల పట్టికలో ఎక్కడ ఇముడుతుంది? అవకాశమా, కడుపుమంటా, బలహీన ప్రభుత్వమా? రంపలో అప్పుడు ప్రభుత్వం బలహీనమని చెప్పడం కష్టం. చెట్టు దాకా వచ్చింది కనుకే తిరగబడ్డారు. 1984లో అట్లూరి మురళి అల్లూరి సీతారామరాజు మీద, మన్యం పోరాటం మీద రాసిన వ్యాసాన్నీ, తరువాత ఆంధ్ర అడవుల మీద రాసినదాన్నీ ఆర్నాల్డ్‌తో కలిపి చదివితే మన్యంలో అశాంతి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది. చరిత్రకారుల్లో వీటికి గౌరవం ఉంది, ఉదహరిస్తూనే ఉంటారు. కానీ అంతర్యుద్ధాల మీద లెక్కలు కట్టే అర్థశాస్త్రం ఈ వైపు తొంగిచూడడం అరుదు. ఒకే విషయం మీద రాసే రెండు గుంపులు ఒకరి రచనలు ఒకరు చూడకపోతే, ఉల్లేఖనల సంఖ్య ఏ గుంపు పెద్దదో చెబుతుందే తప్ప ఎవరి మాట నిజమో చెప్పదు.

కల్లు విషయాన్ని ఇంకాస్త ముందుకు తీసుకెళతాను. 1939లో యుద్ధం మొదలయ్యేనాటికి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త హైదరాబాదులో ఉన్నాడు. శత్రుదేశం మనిషి కనుక బ్రిటిష్ ఇండియాలో తిరగనివ్వలేదు, నిజాం రాజ్యంలో ఉండనిచ్చారు. ఆయన భార్య బెట్టీతో కలిసి చెంచుల్లో, గోదావరి ఒడ్డు కొండరెడ్లలో, ఆదిలాబాదు గోండుల్లో ఉండి రాశాడు. 1945లో వచ్చిన కొండరెడ్ల పుస్తకంలో ఉన్నది పాపికొండల ఇరుపక్కల బతుకు. పోడు, వెదురు కూపులు, కలప వర్తకుల దగ్గర తీరని అప్పు, తిండిగింజలు అయిపోయే నెలల్లో జీలుగు కల్లు మీద కుటుంబాలు బతకడం. కొండరెడ్లకు జీలుగు కల్లు ఆహారం. ఏ చెట్టు ఎవరిదో, తండ్రి నుంచి ఏ చెట్టు ఎవరికి వస్తుందో ఊళ్లో అందరికీ తెలుసు. కాగితం మీద మాత్రం అడవిలో మొలిచిన చెట్టుకు పట్టా లేదు.

అరవై ఏళ్ల తరువాత డ్యాం కోసం ఊళ్లు లేపేటప్పుడు అధికారి చేతిలో ఫారం చూడండి. ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, పట్టా భూమి ఎంత, బోరు ఉందా, పట్టా భూమిలో మామిడి, జీడిమామిడి చెట్లు ఎన్ని. కొండవాలు మీది జీలుగుకూ, ఇప్ప పువ్వు ఏరుకునే చోటుకూ, తునికాకు తెంపే అడవికీ ఆ ఫారంలో గడి లేదు. కొత్త కాలనీలో ఇల్లు పక్కాది కావచ్చు, కానీ తిండి లేని నెలల్లో వెళ్లి గీసుకునే చెట్టు అక్కడ ఉండదు. 1945లోనే అచ్చయిన వివరం ఇది. పుస్తకం గ్రంథాలయాల్లో ఉంది, మానవశాస్త్రంలో దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. ఫారం తయారుచేసినవాళ్ల దాకా మాత్రం చేరలేదు.

హైమెన్‌డార్ఫ్ ప్రభావం మొత్తాన్ని ఉల్లేఖనల్లో కొలిస్తే ఆయనకు అన్యాయం జరుగుతుంది. ఆయన నిజాం ప్రభుత్వానికి నివేదికలు ఇచ్చాడు, తరువాత గిరిజన వ్యవహారాల సలహాదారుగా పనిచేశాడు. ఆదిలాబాదు గోండులకు పట్టాలు దక్కడం, మార్లవాయిలో గోండీలో చదువు మొదలవడం ఆ నివేదికల వెనుక వచ్చినవే. బెట్టీ 1987లో చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఒక పరిశోధన మనుషుల్లో ఎంత నాటుకుందో చెప్పడానికి ఆ ఊళ్లో ఏటా జరిగే స్మరణ చాలు. సూచికలో దానికి చోటు లేదు.

పునరావాస పరిశోధనకు వస్తే, ప్రపంచంలో అందరూ ఉదహరించే పేరు మైకేల్ సెర్నియా. ప్రపంచ బ్యాంకులో సామాజికవేత్తగా పనిచేసిన ఈయన 1997లో ఒక నమూనా ఇచ్చాడు. ఊరు లేచిపోయినవాడికి ఎనిమిది ప్రమాదాలున్నాయన్నాడు: భూమి పోవడం, పని పోవడం, ఇల్లు పోవడం, సంఘంలో కిందికి జారిపోవడం, జబ్బులు పెరగడం, తిండికి గ్యారంటీ లేకపోవడం, ఉమ్మడి వనరులు పోవడం, చుట్టరికాలూ ఊరి కట్టూ తెగిపోవడం. భారతదేశంలో డ్యాముల మీద వచ్చే పీహెచ్‌డీల్లో ఈ ఎనిమిదీ లేని సిద్ధాంత గ్రంథం అరుదు. 2000లో వచ్చిన ప్రపంచ ఆనకట్టల కమిషన్ నివేదిక కూడా ఇలాంటి పని మీద ఆధారపడ్డదే. ఈ నమూనా మేలు చేసిందని నా అభిప్రాయం. పరిహారం అంటే డబ్బు లెక్కేనని భావించే అధికారికి చుట్టరికం తెగడం కూడా నష్టమేనని చెప్పగల ఆధారం దొరికింది. చిక్కు మరోచోట ఉంది. ఎనిమిది గడులు ముందే సిద్ధంగా ఉంటే పరిశోధకుడు ఊళ్లోకి వెళ్లి గడులు నింపి వచ్చేస్తాడు. తొమ్మిదోది కనిపించినా రాయడు.

పోలవరం మీద ఆ గడులు దాటి రాసినవాళ్లున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం మానవశాస్త్రవేత్త ఎన్. సుబ్బారెడ్డి 1996లోనే ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో ఈ ప్రాజెక్టు బలహీనులను ముక్కలు చేసి తెచ్చే అభివృద్ధి అని హెచ్చరించారు. అప్పటికి డ్యాం పని ఊపందుకోలేదు. 2006లో బిక్షం గుజ్జా తదితరులు సంపాదకులుగా అనుకూల, ప్రతికూల వాదాలు రెంటినీ ఒకచోట చేర్చిన సంపుటం తెచ్చారు. 2014లో ఆర్. ఉమామహేశ్వరి గోదావరి ముంపు ఊళ్లలో తిరిగి జనం మాటల్లోనే చరిత్ర రాసింది. 2015లో కియారా మారియోట్టి అనే పరిశోధకురాలు పోలవరం పునరావాసం మీద రాస్తూ ఒక కొత్త ప్రశ్న లేవనెత్తింది. నిర్వాసితుడు వ్యవస్థ బయట పడిపోతాడన్నదే మన భయం. లోపలికే తీసుకుని అట్టడుగున కూలీగా నిలబెడితే? నా మట్టుకు పోలవరం మీద వచ్చిన వాదాల్లో ఎక్కువ ఆలోచింపజేసింది ఇదే. కాలనీకి దగ్గరగా రోడ్డు, బడి, ఆసుపత్రి వస్తాయి కనుక ఇంటికో ఉద్యోగం లాంటి మెరుగుదల వస్తుందని మైదానంలో మనం చెప్పుకుంటాం. పొగాకు, పామాయిల్ తోటల్లో దినకూలీగా ఆ మెరుగుదల మొదలై అక్కడే ఆగితే దాన్ని ఏమనాలో ఆమె పని అడుగుతుంది.

వీటికి తోడు ఒక విచిత్రమైన ఉదాహరణ ఉంది. వాల్టర్ ఫెర్నాండెజ్ బృందం 1951 నుంచి 1995 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైనవాళ్లు, జీవనాధారం పోయినవాళ్లు దాదాపు 32 లక్షల మంది అని తేల్చింది. 2001లో గువాహటి నుంచి వచ్చిన ఆ అధ్యయనం పుస్తకంగా కాక ప్రతులు తీసి పంచిన నివేదికగా వెలువడింది. అయినా నిర్వాసం మీద రాసే ప్రతివారూ ఆ అంకెనే వాడతారు. పెద్ద పత్రికలో వేస్తేనే ప్రభావం అన్న నమ్మకానికి ఇది ఎదురు సాక్ష్యం. ప్రభుత్వం దగ్గర లేని లెక్కను ఊరూరా తిరిగి కూర్చారు కనుక జనం వెతుక్కుంటూ వచ్చారు.

అంకెల సంగతి వచ్చింది కనుక ఇక్కడ కాస్త ఆగాలి. పోలవరం నిర్వాసిత కుటుంబాలు 2005-06 నాటి లెక్కలో 44,574. 2017-18 సవరించిన అంచనాల్లో 1,05,601. మధ్యలో 2013 భూసేకరణ చట్టం వచ్చింది, పిల్లలు పెద్దవాళ్లై వేరు కుటుంబాలయ్యారు, సేకరించాల్సిన భూమి లెక్కా పెరిగింది. పన్నెండేళ్లలో రెట్టింపు దాటిన ఈ సంఖ్య వెనుక ఏ రోజు ఏ ఊళ్లో ఎవరు లెక్కపెట్టారన్న సంగతి తెలియకుండా వ్యాసాల్లో పాత అంకె ఒకచోట, కొత్తది మరోచోట తిరుగుతూ ఉంటుంది. కుటుంబాలని ఉన్నచోట జనాభా అనీ, ఆంధ్ర వరకే ఉన్నచోట ఒడిశా, ఛత్తీస్‌గఢ్ కలిపి అనీ మారిపోవడానికి ఎంతోసేపు పట్టదు. ఇలా తప్పులు పాకడం మీద సిమ్కిన్, రాయ్‌చౌధురి 2003లో ఒక ఆసక్తికరమైన పని చేశారు. ఉల్లేఖనల్లో దొర్లిన అచ్చుతప్పులు ఒకరి నుంచి ఒకరికి ఎలా పాకాయో చూసి, మూలాన్ని నిజంగా చదివి ఉదహరించేవారు ఐదోవంతే ఉండొచ్చని అంచనా వేశారు. శాస్త్రవేత్తలకు అది పరువు సమస్య. ముంపు మండలాలైన వేలేరుపాడు, కుకునూరు, వీఆర్ పురం, కూనవరం, చింతూరులో ఉన్నవాడికి పరిహారం సమస్య. 41.15 మీటర్ల కాంటూరు లోపల 20,946 కుటుంబాలని లెక్క తేల్చి వాళ్లను ముందు తరలిస్తామన్నారు. డ్యాం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మధ్యలో ఉన్నవాళ్లు ఏ లెక్కలో ఉన్నారో వాళ్లకే స్పష్టంగా తెలియదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరినప్పుడు ఈ మండలాల్లో కాంటూరు గీత ఎక్కడుందని నీళ్లు చూడలేదు.

శాంతి సంగతికి వద్దాం. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మన్యంలో గుర్తేడు అనే ఊరుంది. 1987 డిసెంబరులో అక్కడ పీపుల్స్ వార్ అనే నక్సలైటు పార్టీ ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారులను అపహరించి, జైల్లో ఉన్న తమవాళ్లను విడిపించుకున్నాక వదిలింది. గిరిజనులకు, దళితులకు జీవితమంతా పనిచేసిన అధికారి శంకరన్. ఆయన పగబట్టలేదు. పదేళ్లకు, 1997లో, కన్‌సర్న్‌డ్ సిటిజన్స్ కమిటీకి ముందు నిలిచి రెండు పక్షాలనూ ఒక్క ప్రశ్న అడిగారు: మీ ఇద్దరి మధ్య నలుగుతున్న మామూలు మనిషి గురించి ఏమంటారు? కమిటీ ఎన్‌కౌంటర్లనూ ప్రశ్నించింది, నక్సలైట్ల హత్యలనూ ప్రశ్నించింది. ఊళ్లకు వెళ్లి విన్నది నివేదికలుగా వేసింది. ఆ ఏడేళ్ల కృషి తరువాత 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వానికీ నక్సలైట్లకూ నేరుగా చర్చలు జరిగాయి. దేశంలో అలాంటివి అంతకు ముందు లేవు. 2005 జనవరికల్లా కుప్పకూలాయి. అయినా ఆ కాస్త కాలం ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. శాంతి నిర్మాణం మీద ఇక్కడ జరిగిన ఇంతకన్నా గొప్ప ప్రయోగం నాకు తెలియదు. ఆ కమిటీ ప్రచురణలు చదవని విదేశీ వ్యాసాలు వందల ఉల్లేఖనలతో ఉన్నాయి.

నక్సలైటు ఉద్యమం గురించి ఇంగ్లీషులో ఎవరు రాసినా పౌరహక్కుల నేత కె. బాలగోపాల్‌ను దాటి వెళ్లలేరు. 2006లో ఆయన మావోయిస్టు ఉద్యమం మీద, 2007లో గిరిజన ప్రాంతాల్లో అక్రమ భూసేకరణ మీద ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాసినవి ఇప్పటికీ ఉదహరిస్తున్నారు. 2008లో ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం తీవ్రవాద ప్రాంతాల్లో అభివృద్ధి సవాళ్ల మీద నివేదిక ఇచ్చింది. ఆ బృందంలో ఆయన సభ్యుడు. కానీ బాలగోపాల్ రాసినదాంట్లో చాలా భాగం తెలుగులో ఉంది: పత్రికా వ్యాసాలు, నిజనిర్ధారణ నివేదికలు, ప్రసంగాలు. మన్యం ఊరిలో చదువుకున్న కుర్రాడికి అందిన బాలగోపాల్ ఆ తెలుగు బాలగోపాలే. అంతర్జాతీయ సూచికలకు అందిన బాలగోపాల్ సగం మనిషి.

తెలుగు రాతను సూచికలు అసలు ముట్టుకోలేదనడం కూడా సరికాదు. వేరే దారిలో అది లోపలికి వెళ్లింది. 2017లో ఆదిత్య దాస్‌గుప్తా, కిషోర్ గవాండే, దేవేశ్ కపూర్ ఉపాధి హామీకీ మావోయిస్టు హింసకూ ఉన్న సంబంధం మీద ఒక ముఖ్యమైన వ్యాసం ప్రచురించారు. ఇంగ్లీషు పత్రికల్లో రాని సంఘటనల కోసం స్థానిక భాషా పత్రికల వార్తలు తీసి లెక్కలు కట్టారు. పథకం హింసను బాగా తగ్గించిందనీ, అయితే దాన్ని సరిగ్గా నడపగల యంత్రాంగం ముందే ఉన్న జిల్లాల్లోనే తగ్గిందనీ తేల్చారు. గౌరవ్ ఖన్నా, లారా జిమ్మర్‌మన్ అదే ఏడాది వేరే లెక్కతో, పథకం వచ్చిన కొత్తలో హింస పెరిగిందన్నారు. జనం పోలీసులకు సమాచారం ఇవ్వడం మొదలైతే దాడులు పెరుగుతాయన్నది వాళ్ల వివరణ. తీమో ఫెట్జర్ 2020లో, వానలు తప్పినప్పుడు హింస పెరిగే పాత బంధాన్ని ఈ పథకం తెంచిందని చూపాడు. మూడూ మంచి పనులు. 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన పథకం గురించి ప్రపంచానికి తెలిసింది ఇలాంటి వ్యాసాల వల్లే. అయితే దాస్‌గుప్తా బృందం వాడుకున్న వార్త రాసిన మండల విలేకరి పేరు ఎక్కడా ఉండదు. చీకటి పడ్డాక చింతూరు రోడ్డు మీద బండి నడిపి, రెండు వైపుల నుంచీ బెదిరింపులు విని, నాలుగు లైన్ల వార్త పంపినవాడు అతను. ఆ లెక్కల పునాదిలో అతని రాయి ఉంది.

కోర్టు దారి వేరు. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఐదో షెడ్యూలు ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. బొర్రా దగ్గర ఊళ్ల వాళ్లూ, ఒక చిన్న స్వచ్ఛంద సంస్థా ఏళ్ల తరబడి పోగుచేసిన భూమి వివరాలు, గిరిజన ప్రాంత భూములు గిరిజనేతరులకు పోకుండా ఆపే 1/70 చట్టం చరిత్ర దానికి ఆధారం. ఆ వివరాలు ఏ పత్రికలోనూ వ్యాసంగా రాలేదు. కానీ దేశమంతటా ఆ తీర్పును ఉదహరిస్తారు, ఉదహరించిన చోటల్లా ఒక గని ఆగడానికో ఒక భూమి మిగలడానికో అవకాశం ఉంటుంది. పశ్చిమ గోదావరి మన్యంలో బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం మండలాల్లో 1990ల నడిమి నుంచి సాగిన భూపోరాటాల్లో కూడా జనం చేతిలో ఉన్నవి పాత సర్వే రికార్డులూ, చట్టం ప్రతులూ. పండితుల వ్యాసాలు అక్కడికి చేరలేదు.

ఇంత చెప్పాక సైటేషన్ల వల్ల ఉపయోగమే లేదంటే పొరపాటు. ఎవరి మీద ఎవరు నిలబడి మాట్లాడుతున్నారో అవి చూపిస్తాయి. ప్రపంచ బ్యాంకు తన విధాన నివేదికలను 2014లో పరీక్షించుకుంటే దాదాపు 87 శాతాన్ని ఎవరూ ఉదహరించలేదనీ, 31 శాతానికి పైగా ఒక్కసారి కూడా డౌన్‌లోడ్ కాలేదనీ తేలింది. ఆ లెక్క లేకపోతే అంత ఖర్చూ అలా వృథా పోతోందని ఎలా తెలుస్తుంది? లెక్క చూడడం మంచిదే. ఆ లెక్కతోనే మనిషిని నిలబెట్టడం, పడగొట్టడం దగ్గర చెడింది. 2012 శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015 లైడెన్ ప్రకటన ఈ మాటే అన్నాయి. స్థానిక ప్రాముఖ్యం ఉన్న పరిశోధనను కాపాడాలన్నది లైడెన్ ప్రకటనలో మూడో సూత్రం. మన దగ్గర యూజీసీ 2010లో అధ్యాపకులకు పాయింట్ల పద్ధతి తెచ్చింది. దాని నీడలో డబ్బు తీసుకుని అచ్చువేసే దొంగ పత్రికలు పుట్టుకొచ్చాయి. వాటిని అరికట్టడానికి అంగీకరించిన పత్రికల కేర్ జాబితా తెచ్చి, 2025 ఫిబ్రవరిలో దాన్నీ ఎత్తేసింది. పీహెచ్‌డీకి ముందే వ్యాసం అచ్చుకావాలన్న నిబంధనను 2022లో తీసేశారు. తీసేయడం మంచిదే. తీసేసిన చోట ఏం పెట్టాలన్నది ఇప్పుడు విశ్వవిద్యాలయాల చేతిలో ఉంది.

రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం 2006 నుంచి ఉంది. ముంపు మండలాలు దానికి ఒక పూట ప్రయాణం. ముంపు ఊరి మీద పీహెచ్‌డీ చేసినవాళ్లు ఆ సారాన్ని తెలుగులో, గ్రామసభలో చదివి వినిపించి, జనం చెప్పిన దిద్దుబాట్లను అనుబంధంగా చేర్చాలని నియమం పెట్టడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పోలవరం కాలనీల్లో సర్వే చేసినవాళ్లు ఒకరిద్దరు కాదు. అడిగిన ప్రశ్నలే మళ్లీ అడుగుతారు, ముందు అడిగినవాళ్లు ఏం తేల్చారో ఊరికి చెప్పినవాళ్లు లేరు. ఆ తేల్చినది ఊరికి తిరిగి వస్తే, తప్పు అంకె అక్కడే దొరికిపోతుంది. జీలుగు చెట్టు మాట అక్కడే బయటికి వస్తుంది.

ఇంకో పని ఉంది, దానికి గడువు దగ్గరపడుతోంది. నిర్వాసం మీద వచ్చిన పరిశోధనలో పెద్ద లోపం, చాలావరకు ఊరు లేచిపోయాక మొదలవడం. ముందు ఎంత తిన్నారు, ఏ నెలలో ఏ అడవికి వెళ్లారు, ఎవరికి ఎంత అప్పుంది అన్న లెక్క లేకుండా తరువాత ఎంత పోయిందో ఎవరూ రుజువు చేయలేరు. కోర్టులో నిర్వాసితుడు ఓడిపోయేది ఇక్కడే. 41.15, 45.72 మీటర్ల మధ్య ఉన్న ఊళ్లు ఇంకా ఉన్నచోటే ఉన్నాయి. ఇంటింటి లెక్క, చెట్టు చెట్టు లెక్క, పోడు హద్దులు, చేపల రేవులు, దేవుడి కొండలు, ఎవరి పొలం మీదుగా ఎవరికి దారి ఉందన్నది, కోయ, కొండరెడ్డి కుర్రాళ్లే నేర్చుకుని తెలుగులో రాసి, ఒక ప్రతి గ్రామసభ దగ్గర, ఒక ప్రతి విశ్వవిద్యాలయంలో, ఒక ప్రతి రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలో పెట్టొచ్చు. ఆ పని వచ్చే వరదల కాలానికి ముందే మొదలు కావాలి.